ప్రశ్నలు – జవాబులు: జ్ఞాపకాల నుంచి నిర్ణయం దాకా

మనిషి నిర్ణయం తీసుకునేటప్పుడు మెదడు జ్ఞాపకాలను ఏ విధంగా వాడుకుంటుందో గణిత నమూనాలతో వివరించే శాస్త్రం గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా కూర్చాము. రెండు మూడు చోట్ల కూడికలు, గుణకారాలు తప్పలేదు. దశాంశాలు తెలిసినవారికి అవి కష్టం కావు.

ప్రశ్న: జ్ఞాపకశక్తి బాగా ఉన్నవారు మంచి నిర్ణయాలు తీసుకుంటారని అనుకుంటూ ఉంటాము. మరి జ్ఞాపకశక్తి పూర్తిగా దెబ్బతిన్న మనిషి సరైన నిర్ణయం ఏదీ తీసుకోలేడా?
– ఒక ఉపాధ్యాయిని, తెనాలి

జవాబు: జ్ఞాపకశక్తి అనేది ఒక్కటే అన్న ఊహ మీ ప్రశ్న వెనుక ఉంది. చాలాకాలం శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. ఆ ఊహను కదిలించిన రోగి పేరు హెన్రీ మోలైసన్. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో విలియం స్కోవిల్ అనే శస్త్రవైద్యుడు, తీవ్రమైన మూర్ఛలు తగ్గించే ఉద్దేశంతో, అతని మెదడులో రెండు వైపులా ఉన్న హిప్పోకాంపస్‌ను, దాని పక్కనున్న కొన్ని భాగాలను చాలావరకు తొలగించాడు. మూర్ఛలు తగ్గాయి గాని, ఆ తరువాత జరిగిన సంఘటనలేవీ అతని మనసులో నిలవలేదు. అయితే మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ అతనిచేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించినప్పుడు, రోజురోజుకూ అతని చేయి కుదురుతూ వచ్చింది. అంతకు ముందు ఆ పని చేసినట్టు మాత్రం అతనికి గుర్తు లేదు. 2008లో మరణించేదాకా వైద్య గ్రంథాలలో అతను ‘హెచ్.ఎం.’ అన్న పొడి అక్షరాలతోనే ఉన్నాడు.

చేతి పని వేరు, నిర్ణయం వేరు అని మీరు అనవచ్చు. దానికి 1996లో బార్బరా నోల్టన్, జెన్నిఫర్ మాంగెల్స్, లారీ స్క్వైర్ ప్రచురించిన ప్రయోగం జవాబు చెబుతుంది. బొమ్మలున్న కొన్ని కార్డులు చూపించి, ఎండ కాస్తుందా, వాన కురుస్తుందా చెప్పమంటారు. ఏ కార్డూ కచ్చితమైన జవాబు ఇవ్వదు. ఒక్కొక్కటి ఎండ వైపో వాన వైపో కొంత మొగ్గు మాత్రమే చూపిస్తుంది. హిప్పోకాంపస్ పరిసరాలు దెబ్బతిన్న రోగులు మొదటి 50 ప్రశ్నలలో ఆరోగ్యవంతులతో సమానంగా మెరుగుపడ్డారు, కాని ఆ పరీక్ష వివరాలు అడిగితే చెప్పలేకపోయారు. పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నవారి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు: పరీక్ష ఎలా జరిగిందో చక్కగా చెప్పారు, ఎండో వానో ఊహించడంలో మాత్రం మెరుగుపడలేదు. పార్కిన్సన్స్‌లో దెబ్బతినేది బేసల్ గాంగ్లియా అనే మెదడు లోపలి భాగాలకు డోపమైన్ అనే రసాయనాన్ని అందించే కణాలు. కాబట్టి సంఘటనలను దాచే ఏర్పాటు ఒకటి, ఫలితాలను బట్టి మొగ్గును కొద్దికొద్దిగా సవరించుకునే ఏర్పాటు ఇంకొకటి. రెండూ నిర్ణయానికి పనికివస్తాయి, ఒకటి పోయినా రెండవది కొంతవరకు పని నడిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట చేర్చాలి. ఆ కార్డుల ఆటను అందరూ ఒకే పద్ధతిలో ఆడరని, కొందరు ఒక్క కార్డును పట్టుకొని జవాబు చెబుతారని తరువాతి పరిశీలనల్లో తేలింది. పైకి ఒకే రకంగా కనిపించే ప్రవర్తన వెనుక వేరువేరు పద్ధతులు ఉండవచ్చు గనుకనే గణిత నమూనాల అవసరం వచ్చింది. రెండు పద్ధతులు ఎక్కడ వేరువేరు జవాబులు ఇస్తాయో ముందుగా లెక్క కట్టి, ఆ చోట మనిషిని పరీక్షించడం ఈ శాస్త్రంలో అసలైన పని. కింది జవాబులన్నీ ఆ పని చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: మెదడు నేర్చుకునే తీరును ఒక సమీకరణంగా రాయవచ్చని చదివాను. ఆ సమీకరణం ఎలా ఉంటుంది? అందులో జ్ఞాపకం ఎక్కడ ఉంటుంది?
– ఒక ఇంజనీరింగు విద్యార్థి, కాకినాడ

జవాబు: ఈ రంగంలో అందరూ మొదట నేర్చుకునే సమీకరణం 1972లో రాబర్ట్ రెస్కోర్లా, అలెన్ వాగ్నర్ ప్రతిపాదించినది. దానిని సరళం చేసి మాటల్లో రాస్తే ఇలా ఉంటుంది:

కొత్త అంచనా = పాత అంచనా + అభ్యాస రేటు × (దొరికిన ఫలితం − పాత అంచనా)

మీ వీధిలో కొత్త టిఫిన్ హోటల్ తెరిచారని అనుకోండి. రుచి పదికి 5 మార్కులు ఉండవచ్చన్న అంచనాతో వెళ్లారు, తిన్నాక 8 వేయాలనిపించింది. తేడా 3. మీ అభ్యాస రేటు, అంటే ఆ తేడాలో అంచనాకు కలుపుకునే వంతు, 0.2 అయితే, అంచనా 0.6 పెరిగి 5.6 అవుతుంది. మరునాడు చల్లారిపోయిన ఇడ్లీ వచ్చింది, 2 మార్కులే వేశారు. ఇప్పుడు తేడా మైనస్ 3.6, దానిలో అయిదో వంతు 0.72, అంచనా 4.88కి దిగింది. అంతే. మూడో రోజు వెళ్లాలా వద్దా అన్న నిర్ణయానికి మెదడు ఆ 4.88ని పక్క హోటల్ అంకెతో పోల్చి చూస్తే సరిపోతుంది.

జ్ఞాపకం ఎక్కడ ఉందంటే, ఆ ఒక్క అంకెలోనే ఉంది. ఏ రోజు ఏం తిన్నారో, పక్కన ఎవరు కూర్చున్నారో అందులో ఎక్కడా లేదు. కాని సమీకరణాన్ని వెనక్కి విప్పుకుంటూ పోతే, గతంలోని ప్రతి అనుభవమూ కొంత బరువుతో అందులో కలిసి ఉన్నట్టు తెలుస్తుంది. అభ్యాస రేటు 0.2 అయినప్పుడు చివరి అనుభవం బరువు 0.2, దాని ముందుదానిది 0.16, ఆ ముందుదానిది 0.128, చివరి నుంచి పదో అనుభవానికి సుమారు 0.027 మాత్రమే మిగులుతుంది. అంటే పాతబడిన కొద్దీ బరువు తగ్గించి తీసుకున్న సగటు ఇది. అభ్యాస రేటు పెంచితే నిన్నటి అనుభవానికి విలువ పెరుగుతుంది, పాతవి త్వరగా చెరిగిపోతాయి. హోటల్లో వంటవాళ్లు తరచుగా మారుతున్నప్పుడు అలా ఉండడమే మేలు. ఏళ్ల తరబడి ఒకే చేయి వండుతున్నప్పుడు రేటు తక్కువగా ఉండాలి, లేకపోతే ఒక్క చల్లారిన ఇడ్లీకి మంచి హోటల్ పోగొట్టుకుంటాము. మనుషులు ఈ సర్దుబాటును చాలావరకు చేసుకుంటారని, పరిస్థితులు తరచుగా మారే దశలో వారి అభ్యాస రేటు పెరుగుతుందని 2007లో తిమోతీ బెహ్రెన్స్ బృందం చూపించింది.

ఈ సమీకరణానికి మెదడులో ఆధారం దొరకడం గత శతాబ్దపు చివరి దశాబ్దంలో జరిగిన పెద్ద సంగతి. వోల్ఫ్రాం షుల్జ్ కోతుల మెదడులో డోపమైన్ కణాల విద్యుత్ స్పందనలను నమోదు చేశాడు. అనుకోకుండా పండ్లరసం దొరికితే ఆ కణాలు ఒక్కసారిగా చురుకెక్కేవి. ముందు ఒక దీపం వెలిగి తరువాత రసం వచ్చే పద్ధతి కోతికి అలవాటయ్యాక, చురుకుదనం రసం దగ్గర పోయి దీపం దగ్గరకు వచ్చేది. దీపం వెలిగినా రసం రాకపోతే, సరిగ్గా రావలసిన క్షణంలో కణాల స్పందన మామూలుకన్నా తగ్గేది. పై సమీకరణంలో బ్రాకెట్లలో ఉన్న తేడాకు కాలాన్ని కూడా జోడించి కంప్యూటర్ శాస్త్రవేత్తలు రిచర్డ్ సటన్, ఆండ్రూ బార్టో అంతకు ముందే తయారుచేసిన లెక్కతో ఇది సరిపోతుందని షుల్జ్, పీటర్ దయన్, రీడ్ మాంటేగ్ 1997లో ‘సైన్స్’ పత్రికలో వివరించారు. యంత్రాలకు నేర్పడానికి ఆ లెక్కకు పునాది వేసినందుకు సటన్, బార్టోలకు కంప్యూటర్ శాస్త్రంలో ఇచ్చే ట్యూరింగ్ పురస్కారం 2024 సంవత్సరానికి వచ్చింది.

ప్రశ్న: ఒక దుకాణంతో ఏళ్ల తరబడి మంచి అనుభవమే ఉన్నా, ఎప్పుడో జరిగిన ఒక్క చేదు సంఘటన గుర్తుకు వస్తే అటు అడుగు పడదు. సగటు తీసే లెక్కలలో దీనికి చోటు ఉన్నదా?
– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, వరంగల్

జవాబు: సగటులో దీనికి చోటు లేదు. ఎప్పుడో జరిగిన సంఘటన బరువు ఆ లెక్క ప్రకారం దాదాపు సున్నా అయి ఉండాలి. మీరు పట్టుకున్న ఈ లోపం దగ్గరే గత ఇరవై ఏళ్లలో ఈ రంగం ఎక్కువగా ముందుకు సాగింది. అందుకని ఈ జవాబు కొంచెం పొడుగవుతుంది.

2007లో మాటే లెంగ్యెల్, పీటర్ దయన్ ఒక ప్రతిపాదన చేశారు. కొత్త చోటికి వెళ్లినప్పుడు సగటు కట్టడానికి తగినన్ని అనుభవాలు ఉండవు. అక్కడి లోకం ఎలా నడుస్తుందో తెలిసినంత అవగాహనా ఉండదు. అటువంటప్పుడు ‘పోయినసారి ఇలా చేస్తే మంచి జరిగింది’ అన్న ఒక్క సంఘటనను గుర్తు తెచ్చుకొని, అదే మళ్లీ చేయడం లాభమని వారు లెక్కలతో చూపించారు. సంఘటనలను దాచేది హిప్పోకాంపస్ గనుక నిర్ణయాలలో దాని పాత్ర ఇక్కడ ఉందన్నారు.

తరువాత ఆరన్ బోర్న్‌స్టైన్, మెల్ ఖా, డాఫ్నా షోహామీ, నథానియల్ డా ఈ ఆలోచనను మరింత సూటిగా పరీక్షించి 2017లో ప్రచురించారు. వారి నమూనాలో మెదడు సగటు అంకె ఏదీ దాచదు. నిర్ణయించవలసి వచ్చిన ప్రతిసారీ గతంలోంచి ఒక అనుభవాన్ని పైకి తీస్తుంది. ఇటీవలిది దొరికే అవకాశం ఎక్కువ, పాతది దొరికే అవకాశం తక్కువ. ఆ అనుభవం మంచిదైతే అటు, చెడ్డదైతే ఇటు.

ఇందులో ఒక తమాషా ఉంది. అనుభవాలు దొరికే అవకాశాలను పై జవాబులో చెప్పిన 0.2, 0.16, 0.128 బరువులకు సమానంగా పెడితే, ఎన్నోసార్లు పైకి తీసిన అనుభవాల సగటు రెస్కోర్లా–వాగ్నర్ అంకెతో సరిగ్గా సమానమవుతుంది. అంటే మెదడు ఒక్క అంకెను సవరించుకుంటూ ఉన్నా, అసలు అంకే లేకుండా జ్ఞాపకాలను ఒక్కొక్కటిగా తీసి చూస్తూ ఉన్నా, సగటున మన ప్రవర్తన ఒకేలా కనిపిస్తుంది. దశాబ్దాలపాటు సగటు సమీకరణానికి సాక్ష్యంగా చూపిన ప్రవర్తనలో కొంత భాగం నిజానికి రెండో రకానిది అయి ఉండవచ్చు. లెక్క కట్టి చూడకపోతే ఈ అనుమానం ఎవరికీ వచ్చేది కాదు.

మరి ఈ రెండింటినీ విడదీయడం ఎలా? జ్ఞాపకాన్ని తట్టి లేపడం ద్వారా. ఒక్క అంకె దాచుకున్న మెదడుకు ఎప్పటిదో ఒక సంఘటనను గుర్తు చేసినా అంకె మారదు, నిర్ణయమూ మారదు. సంఘటనలను పైకి తీసే మెదడుకు మాత్రం గుర్తుచేసిన సంఘటన వెంటనే చేతికి అందుతుంది గనుక నిర్ణయం అటు మొగ్గుతుంది. బోర్న్‌స్టైన్ బృందం ప్రతి ఎంపికతోపాటు ఒక కొత్త వస్తువు బొమ్మను చూపించింది. చాలాసేపటి తరువాత మధ్యలో ఆ పాత బొమ్మలలో ఒకటి చూపించి ‘ఇది ఇంతకు ముందు చూశారా’ అని మాత్రమే అడిగింది. ఆ బొమ్మ కనిపించిన ఎంపికలో లాభం వచ్చి ఉంటే, మనుషులు ఆ వెంటనే అదే ఎంపిక వైపు మొగ్గారు; నష్టం వచ్చి ఉంటే దానికి దూరంగా జరిగారు. ఆ పాత ఫలితానికి లెక్క ప్రకారం ఉండవలసిన బరువు ఎప్పుడో పోయినా ఇలా జరిగింది. మీ దుకాణం విషయంలో జరుగుతున్నది ఇటువంటిదే అయి ఉండవచ్చు.

చేదు సంఘటనకే అంత బలం ఎందుకన్నది ఇంకో ప్రశ్న. ఏ సంఘటన పైకి వస్తుందన్నది కాలం ఒక్కటే నిర్ణయించదు, దాని తీవ్రతా నిర్ణయిస్తుంది. డేనియల్ కానెమన్, ఆయన సహచరులు 1993లో ప్రచురించిన చన్నీటి ప్రయోగం ఇందుకు మంచి సాక్ష్యం. ఒకసారి 14 డిగ్రీల నీటిలో 60 సెకన్లు చేయి పెట్టించారు; ఇంకోసారి అదే 60 సెకన్ల తరువాత మరో 30 సెకన్లు చేయి తీయనీయకుండా నీటిని మెల్లగా 15 డిగ్రీలకు తెచ్చారు. మళ్లీ ఏది చేస్తారని అడిగితే ఎక్కువమంది రెండోదే కోరుకున్నారు. మొత్తం బాధ రెండోదానిలోనే ఎక్కువ. కాని మనసు మొత్తాన్ని కూడలేదు. బాధ బాగా ఎక్కువైన క్షణాన్ని, ముగిసిన తీరును గుర్తు పెట్టుకుంది.

ప్రశ్న: రోజూ వెళ్లే దారిలో వంతెన పని వల్ల రోడ్డు మూసివేశారని తెలిసి కూడా బండిని అటే తిప్పేస్తాను. తెలిసిన సంగతి ఆ క్షణంలో ఎందుకు పనిచేయదు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీకు తెలిసిన సంగతి ఒక జ్ఞాపకంలో ఉంది, బండిని తిప్పిన చేయి ఇంకో జ్ఞాపకం మాట విన్నది.

1996లో మార్క్ పాకార్డ్, జేమ్స్ మెగా ఎలుకలతో చేసిన పరీక్షను చూడండి. కూడలి ఆకారంలో ఉన్న దారిలో ఎలుక ప్రతిసారీ ఒకే చోట బయలుదేరి, ఒకే వైపు తిరిగి తిండి తింటుంది. అది నేర్చుకున్నది ‘తిండి ఆ చోట ఉంది’ అనా, ‘ఇటు తిరగాలి’ అనా అన్నది పైకి తెలియదు. ఎదురుగా ఉన్న కొస నుంచి బయలుదేరదీస్తే బయటపడుతుంది. ఎనిమిదో రోజున అలా చూస్తే ఎక్కువ ఎలుకలు తిండి ఉన్న చోటికి వెళ్లాయి. పదహారో రోజున మాత్రం అలవాటైన వైపు తిరిగి, తిండి లేని చోటికి వెళ్లాయి. పదహారో రోజున బేసల్ గాంగ్లియాలోని కాడేట్ అనే భాగాన్ని మందుతో కాసేపు మొద్దుబరిస్తే అవి మళ్లీ తిండి ఉన్న చోటికే నడిచాయి. అంటే చోటు జ్ఞాపకం చెరిగిపోలేదు. అలవాటు దాన్ని పక్కకు నెట్టి ముందుకు వచ్చింది. అంతకు చాలా ముందే, 1930లో, ఎడ్వర్డ్ టోల్మన్, చార్లెస్ హోంజిక్ ఎలుకలు బహుమతి ఏదీ లేకపోయినా దారుల పటాన్ని మనసులో కట్టుకుంటాయని చూపించారు.

ఎప్పుడు పటాన్ని నమ్మాలి, ఎప్పుడు అలవాటును నమ్మాలి? 2005లో నథానియల్ డా, యాయెల్ నివ్, పీటర్ దయన్ దీనికి లెక్కతో కూడిన జవాబు ఇచ్చారు. పటాన్ని చూసి ఆలోచించడం తక్కువ అనుభవంతోనే పనికివస్తుంది, కాని ఎన్నో మలుపుల అవతలిదాకా లెక్క కట్టాలి గనుక శ్రమ, పొరపాట్లు రెండూ ఉంటాయి. అలవాటు అంకె చౌకైనది. అయితే అది కుదురుకోవడానికి చాలా అనుభవం కావాలి, లోకం మారితే వెంటనే మారదు. ఏ క్షణాన దేనిలో అనిశ్చితి తక్కువగా ఉంటే దాని మాట చెల్లుతుందని వారి నమూనా చెబుతుంది. మీ దారిలో కొన్ని వందల ప్రయాణాల వల్ల అలవాటు అంకె చాలా నిశ్చయంగా ఉంది. వంతెన వార్త నిన్నటిది.

మనుషులలో ఈ రెండింటి పాళ్లు కొలవడానికి డా, ఆయన సహచరులు 2011లో రెండు అంచెల ఆటను తయారుచేశారు. మొదటి అంచెలో రెండు బొమ్మలలో ఒకటి ఎంచుకుంటారు. ఒక్కొక్క బొమ్మ 70 శాతం సార్లు ఒక గదికి, 30 శాతం సార్లు రెండో గదికి తీసుకుపోతుంది. గదిలో మళ్లీ ఎంచుకుంటే డబ్బు రావచ్చు, రాకపోవచ్చు. అరుదైన దారిలో రెండో గదికి పోయి డబ్బు గెలిచారనుకోండి. అలవాటు ప్రకారం మొదటి బొమ్మనే మళ్లీ ఎంచుకోవాలి, ఎందుకంటే దాని తరువాత డబ్బు వచ్చింది. పటం ప్రకారం రెండో బొమ్మకు మారాలి, ఎందుకంటే డబ్బు వచ్చిన గదికి ఎక్కువసార్లు తీసుకుపోయేది అది. మనుషులలో రెండింటి కలయిక కనిపించింది. ఆ కలయికను సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకెగా రాశారు, తరువాత ఎన్నో మానసిక రుగ్మతల పరిశోధనలలో ఆ అంకెను వాడారు.

అయితే 2020లో కరోలినా ఫెహెర్ డా సిల్వా, టాడ్ హేర్ చేసిన పరిశోధన ఈ ధీమాను కదిలించింది. ఆట నియమాలను కథగా, విపులంగా చెప్పి ఆడిస్తే మనుషులు దాదాపు పూర్తిగా పటం ప్రకారమే ఆడారని, అలవాటుగా కనిపించినదానిలో కొంత, ఆటను తప్పుగా అర్థం చేసుకున్నవారి తప్పుడు పటం కావచ్చునని వారు వాదించారు. నా అభిప్రాయంలో ఈ విమర్శ గట్టిది. పరిశోధకుడి చేతిలో రెండే నమూనాలు ఉన్నప్పుడు, మూడో పద్ధతిలో ఆలోచించినవాడు కూడా ఆ రెండింటి మిశ్రమంగానే కనిపిస్తాడు.

ప్రశ్న: కొద్ది విషయాలు ఇస్తే పిల్లలు వెంటనే అప్పజెబుతారు, వారం తిరిగేసరికి మరిచిపోతారు. ఎక్కువ విషయాలు కలిపి ఇస్తే మెల్లగా నేర్చుకుంటారు గాని ఎక్కువకాలం గుర్తుంటుందనిపిస్తుంది. ఇది నా భ్రమా?
– ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: పూర్తిగా భ్రమ కాకపోవచ్చు. ఆన్ కాలిన్స్, మైకేల్ ఫ్రాంక్ 2012లో పెద్దవారితో చేసిన ప్రయోగంలో ఒక్కో బొమ్మకు ఏ మీట నొక్కాలో నేర్చుకోవాలి. ఒకసారి రెండు బొమ్మలే ఉంటాయి, ఇంకోసారి ఆరు దాకా ఉంటాయి. నేర్చుకోవడం కేవలం రెస్కోర్లా–వాగ్నర్ తరహాలో జరిగితే, ఒక్కో బొమ్మ ఎన్నిసార్లు కనిపించిందన్నదే లెక్కకు వస్తుంది; పక్కన ఎన్ని బొమ్మలున్నాయన్నది రాకూడదు. కాని బొమ్మల సంఖ్య పెరిగిన కొద్దీ ఒక్కోదాన్ని నేర్చుకునే వేగం తగ్గింది. కొద్దిపాటి విషయాలను కాసేపు నిలిపి ఉంచే వర్కింగ్ మెమరీ ఇందులో చాలా పని చేస్తున్నదని, అది రెండు మూడింటికి చక్కగా సరిపోయి ఆరింటికి చాలక పోతున్నదని వారి నమూనా తేల్చింది. నేర్చుకోవడానికి పట్టే సమయంలో ఎక్కువ భాగం బేసల్ గాంగ్లియా ఖాతాలో వేసిన పాత విశ్లేషణలను ఇది సరిదిద్దింది.

మీరు గమనించిన సంగతి 2018లో కాలిన్స్ ప్రచురించిన పరిశోధనలో ఉంది. ఎక్కువ బొమ్మల మధ్య మెల్లగా నేర్చుకున్నవి తరువాత పరీక్షించినప్పుడు మెరుగ్గా నిలిచాయి. దానికి ఆమె చెప్పిన కారణం అంచనాకూ ఫలితానికీ ఉండే తేడాలోనే ఉంది: వర్కింగ్ మెమరీ జవాబును ముందే చేతికి అందిస్తే ఆశ్చర్యపోవడానికి ఏమీ మిగలదు, తేడా సున్నాకు చేరుతుంది, ఆ తేడాతో నడిచే నెమ్మది అభ్యాసం ఆగిపోతుంది. అయితే ఇది బొమ్మలు, మీటలతో పెద్దవారిపై ప్రయోగశాలలో తేలిన సంగతి. ఎక్కాలకూ పద్యాలకూ దీన్ని ఉన్నదున్నట్టు వర్తింపజేయమని నేను చెప్పను.

ప్రశ్న: మరపు వల్ల నిర్ణయాలు చెడిపోవా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: కొన్నిసార్లు చెడిపోతాయి. కాని మరపు వేగం యాదృచ్ఛికం కాదని జాన్ ఆండర్సన్, లేయెల్ స్కూలర్ 1991లో చూపించారు. ‘న్యూయార్క్ టైమ్స్’ శీర్షికలలో ఒక పదం చివరిసారి కనబడి ఎన్ని రోజులైందో, దాన్ని బట్టి మళ్లీ కనబడే అవకాశం ఎలా తగ్గుతుందో లెక్కించారు. అది తగ్గే తీరు, మనుషులు నేర్చుకున్నది మరిచిపోయే తీరు ఒకే రకమైన వక్రరేఖ మీద పడ్డాయి. మళ్లీ అవసరం పడే అవకాశం తగ్గిన కొద్దీ జ్ఞాపకం అందుబాటు తగ్గుతున్నదన్నమాట.

ప్రశ్న: రెండు చీరలలో ఒకటి ఎంచుకోవడానికి గంట పడుతుంది, రెండూ దాదాపు సమానంగా నచ్చినప్పుడే అలా అవుతుంది. నిర్ణయానికి పట్టే సమయం గురించి నమూనాలు ఏమంటాయి?
– ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: దీనికి ఎక్కువగా వాడే నమూనా 1978లో రోజర్ రాట్‌క్లిఫ్ ప్రతిపాదించినది. ఆయన దాన్ని మొదట తయారుచేసింది ‘ఈ పదం ఇందాక చూశారా, లేదా’ అనే జ్ఞాపక పరీక్ష కోసం. నిర్ణయాల మీద పనిచేసేవారు తరువాత దాన్ని తెచ్చుకున్నారు. రెండు ఎంపికలకు రెండు గీతలు గీసి, మధ్యలో ఒక చుక్క పెట్టండి. ప్రతి క్షణం ఒక ఆధారం అందుతుంది, చుక్క కొద్దిగా పైకో కిందికో కదులుతుంది. ఏ గీతను ముందు తాకితే ఆ నిర్ణయం. ఒక చీర మీద స్పష్టమైన ఇష్టం ఉంటే చుక్క అటే వేగంగా పోతుంది. రెండూ సమానమైతే చాలాసేపు అటూ ఇటూ తిరుగుతుంది. తప్పు జరగకూడదనుకుంటే మనసు గీతలను దూరం జరుపుతుంది, అప్పుడు సమయం పెరిగి పొరపాటు తగ్గుతుంది. సమయమూ పొరపాట్లూ రెండూ ఒకే లెక్కలోంచి రావడం ఈ నమూనాకు ఇంత ఆదరణ తెచ్చింది.

చీర ఎదురుగానే ఉన్నప్పుడు ఆ ఆధారాలు ఎక్కడి నుంచి వస్తాయి? జ్ఞాపకాల నుంచి వస్తాయని మైకేల్ షాడ్లెన్, డాఫ్నా షోహామీ 2016లో వాదించారు: ఆ రంగు ఎప్పుడు కట్టుకున్నారు, ఉతికితే ఏమైంది, ఎవరేమన్నారు. అకరం బక్కూర్, షోహామీ మొదలైనవారు 2019లో దీన్ని తినుబండారాల ఎంపికతో పరీక్షించారు. ఆరోగ్యవంతులు ఎంత ఎక్కువసేపు ఆలోచిస్తే హిప్పోకాంపస్‌లో చురుకుదనం అంత ఎక్కువగా కనిపించింది. హిప్పోకాంపస్ దెబ్బతిన్న రోగులు ఎంచుకోవడానికి ఎక్కువ సమయం తీసుకున్నారు, వారి ఎంపికలూ నిలకడగా లేవు. మోలైసన్ తరహా నష్టం సంఘటనల జ్ఞాపకంతో ఆగదని, చిన్న చిన్న ఇష్టాయిష్టాలను తేల్చుకోవడం దాకా పాకుతుందని దీన్ని బట్టి అనుకోవాలి.

ప్రశ్న: అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. కృత్రిమ మేధలో ఈ జ్ఞాపక నమూనాలు వాడుతున్నారా? మన దగ్గర వీటిని ఎక్కడ చదవవచ్చు, ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: వాడుతున్నారు. డీప్‌మైండ్ సంస్థ 2015లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన, అటారీ వీడియో ఆటలు నేర్చుకున్న యంత్రం తన పాత అనుభవాలను దాచుకొని, వాటిలో కొన్నిటిని యాదృచ్ఛికంగా పైకి తీసి మళ్లీ మళ్లీ నేర్చుకునేది. నిద్రలో ఎలుకల హిప్పోకాంపస్ కణాలు మెలకువనాటి చురుకుదనాన్ని తిరిగి చూపిస్తాయని మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ 1994లో కనుగొన్నదానికి ఈ పద్ధతికి ఉన్న పోలికను డీప్‌మైండ్ పరిశోధకులే ఎత్తి చూపారు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నాడీ, ప్రజ్ఞాన శాస్త్రాల కేంద్రం ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ప్రయోగశాల ఉంది. మద్రాసు ఐఐటీలో ఆచార్య వి. శ్రీనివాస చక్రవర్తి బేసల్ గాంగ్లియా నమూనాలపై చాలాకాలంగా పనిచేస్తున్నారు.

మొదలుపెట్టడానికి ప్రోగ్రామింగ్ తెలిసిన మీకు కళాశాల అక్కరలేదు. రెస్కోర్లా–వాగ్నర్ లెక్కతో ఎంచుకునే ఒక కల్పిత మనిషిని, పాత అనుభవాన్ని ఒక్కొక్కటిగా పైకి తీసి ఎంచుకునే ఇంకో కల్పిత మనిషిని కంప్యూటర్‌లో తయారుచేయండి. ఒక్కొక్కరికి పది వరుసల కోడ్ చాలు. ఇద్దరిచేత కొన్ని వందల ఎంపికలు చేయించి, ఆ ఎంపికలను మాత్రమే చూసి ఏవి ఎవరివో, ఎవరి అభ్యాస రేటు ఎంతో తిరిగి కనుక్కోవడానికి ప్రయత్నించండి. రాబర్ట్ విల్సన్, ఆన్ కాలిన్స్ 2019లో ఈ పని చేసేవారి కోసం రాసిన పది సూత్రాల వ్యాసం, నిజమైన మనుషుల ఫలితాలను ముట్టుకునే ముందు ఇలా కల్పిత మనుషులతో పరీక్షించి తీరాలని చెబుతుంది. చాలాసార్లు ఇద్దరినీ విడదీయలేకపోతారు. అప్పుడు ఆటలో ఏ మార్పు చేస్తే వారు విడిపోతారో వెతకడం మొదలుపెట్టండి. పాత బొమ్మను గుర్తుచేసే పద్ధతి మీకు ఇప్పటికే తెలుసు.